సంప్రదాయేతర వృత్తులు: వృత్తివిద్యలో స్త్రీపురుష సమానత్వం

ఒక వృత్తిలో స్త్రీలు గానీ పురుషులు గానీ నాలుగో వంతు కన్నా తక్కువగా ఉంటే, తక్కువగా ఉన్నవారికి అది సంప్రదాయేతర వృత్తి. ఈ 25 శాతం కొలత అమెరికా వృత్తివిద్యా చట్టాల్లో స్థిరపడింది. ఆ లెక్కన వెల్డింగ్, బస్సు నడపడం, కరెంటు లైన్ల పని, గని పని స్త్రీలకు సంప్రదాయేతరాలు. నర్సింగ్, చిన్నపిల్లల బడి పంతులు పని చాలా దేశాల్లో పురుషులకు సంప్రదాయేతరాలు. వృత్తివిద్యలో సమానత్వం అనే మాటకు కోర్సులో సీటు ఇవ్వడం ఒక్కటే అర్థం కాదు. ఏ పని ఎవరిదని బడి నేర్పుతోంది, శిక్షణలో పనిముట్టు ఎవరి చేతికి అందుతోంది, శిక్షణ అయ్యాక ఉద్యోగం ఎవరిస్తున్నారు, చేరినవారు ఎంతకాలం నిలబడుతున్నారు అనే ప్రశ్నలన్నీ దాని కిందికే వస్తాయి.

పని మీద ముద్ర

ఏ పనీ పుట్టుకతో ఆడది కాదు, మగది కాదు. అస్సాం, మణిపూర్‌లలో మగ్గం స్త్రీలది. 2019–20 నాటి నాలుగో అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలోని చేనేత కార్మికుల్లో 70 శాతానికి పైగా స్త్రీలే. అందులో ఈశాన్య రాష్ట్రాల వాటా పెద్దది. పోచంపల్లికో ధర్మవరానికో వస్తే గుంట మగ్గంలో కూర్చునేది ఎక్కువగా పురుషుడు. ఇంట్లో స్త్రీలు కండెలు చుడతారు, ఆసు పోస్తారు. ఆసు పోయడమంటే అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ నూలు పోగును మధ్య మేకు నుంచి అటూ ఇటూ తిప్పుతూ పోవడం. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు ఆడాలి. ఆ పనితో తల్లి లక్ష్మి భుజాలు పడిపోతుంటే చూడలేక చింతకింది మల్లేశం 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. చెయ్యి అన్నివేల సార్లు ఆడించిన మనిషి ఆ ఇంటి లెక్కలో సహాయకురాలే. నేత పేరూ నేత కూలీ మగ్గం మీద కూర్చున్నవారివి.

వంట సంగతీ అంతే. రోజూ ఇంటిల్లిపాదికీ వండేది స్త్రీ. పెళ్లి వంట, హోటల్ వంట దగ్గరికి వచ్చేసరికి వంటమాస్టరు పురుషుడు. పొగడ్తకు కూడా మనం నలభీమపాకం అంటాం. ఇంట్లో కుట్టు మిషను ఆవిడది, బజారులో టైలరు షాపు ఆయనది. పనికి కూలీ కట్టి, అంగడిలో పెట్టేసరికి అది చేతులు మారుతుంది.

అన్నిటికన్నా స్పష్టంగా ఇది కనిపించేది ఇల్లు కడుతున్న చోట. తాపీ, మట్టం, తూకం గుండు మేస్త్రి చేతిలో ఉంటాయి. ఇసుక జల్లించడం, మాలు కలపడం, తట్ట నెత్తిన పెట్టుకుని మెట్లు ఎక్కడం, ఇటుకలు అందించడం స్త్రీల పని. రోజంతా బరువు మోసేది ఆమె. బరువు పనికి ఆడవాళ్లు పనికిరారనే వాదన ఇక్కడే కూలిపోతుంది. పురుష కూలీగా చేరినవాడు మేస్త్రి పక్కన నిలబడి, ఖాళీ దొరికినప్పుడు తాపీ పట్టి, రెండు మూడేళ్లలో తానూ మేస్త్రి అవుతాడు. పక్కనే ఇరవై ఏళ్లు తట్ట మోసిన స్త్రీ కూలీగానే మిగిలిపోతుంది, ఎందుకంటే ఆమెకు ఎవరూ తాపీ ఇవ్వరు. గోడ నిలువు చూసే పద్ధతి ఆమె వేలసార్లు కళ్లారా చూసే ఉంటుంది. కూలీకీ మేస్త్రికీ రోజు కూలిలో ఉన్న తేడా మొత్తం ఆ పనిముట్టు దగ్గరే తేలుతుంది. సంప్రదాయేతర వృత్తుల చర్చలో అసలు అడ్డంకి శరీర బలమని తరచూ అంటారు. ఆధారాలు చెప్పేది వేరు: కొలిచే సాధనం, కోసే సాధనం, నడిపే చక్రం ఎవరి చేతికి ఇస్తారన్నదే అసలు అడ్డంకి.

ముద్ర మారడానికి కూడా ఎక్కువ కాలం పట్టదు. 1946లో అమెరికాలో ఎనియాక్ కంప్యూటర్‌కు ప్రోగ్రాములు రాసిన తొలి బృందం ఆరుగురూ స్త్రీలే. అప్పట్లో యంత్రం కట్టడమే గొప్ప పని; ప్రోగ్రాము రాయడాన్ని గుమాస్తా పనిలా చూశారు. ఆ దేశంలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీల్లో స్త్రీల వాటా 1984 ప్రాంతంలో 37 శాతం దాకా పెరిగి, తర్వాతి పాతికేళ్లలో సుమారు సగానికి పడిపోయింది. అదే కాలంలో భారతదేశంలో, ముఖ్యంగా తెలుగు ప్రాంతాల్లో, కంప్యూటర్ బ్రాంచి అమ్మాయిలతో నిండింది. నీడపట్టున కూర్చుని చేసే ఉద్యోగమని తల్లిదండ్రులు నమ్మడమే దానికి పెద్ద కారణం. మెకానికల్, మైనింగ్ బ్రాంచీలకు ఆ నమ్మకం దక్కలేదు.

బడిలో పడే గీత

1981లో మనస్తత్వవేత్త లిండా గాట్‌ఫ్రెడ్సన్ ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం ఆరు నుంచి ఎనిమిదేళ్ల వయసులోనే పిల్లలు తమ లింగానికి తగవనుకున్న ఉద్యోగాలను మనసులోంచి కొట్టేస్తారు. సామర్థ్యం, ఆసక్తి గురించి ఆలోచించేది ఆ తర్వాతే. 1983లో డేవిడ్ చాంబర్స్ ప్రచురించిన అధ్యయనంలో 4,807 మంది పిల్లల్ని శాస్త్రవేత్త బొమ్మ గీయమంటే స్త్రీ బొమ్మ గీసినవారు 28 మంది. ఆ 28 మందీ అమ్మాయిలే. పదో తరగతి అయ్యాక వేసవి సెలవుల్లో పెట్టే కెరీర్ గైడెన్స్ సదస్సు ఎందుకు ఆలస్యమో ఈ రెండూ చెబుతున్నాయి.

స్వాతంత్ర్యం తర్వాత భారత విద్యా విధానం ఈ విషయంలో ఒక్కో మెట్టూ ఎక్కింది. రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర మహిళా సభను స్థాపించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షతన 1958లో జాతీయ స్త్రీవిద్యా సంఘం ఏర్పడింది. మరుసటి ఏడాది వచ్చిన దాని నివేదిక బాలికల విద్యకు ప్రత్యేక నిధులు, ప్రత్యేక యంత్రాంగం కావాలని గట్టిగా అడిగింది. కాని పై తరగతుల్లో బాలికలకూ బాలురకూ పాఠ్యాంశాల్లో కొంత తేడా ఉండాలనే అభిప్రాయాన్ని అది వదులుకోలేదు. ఆ తేడాను తోసిపుచ్చింది ఆ తర్వాత ఏర్పడిన హంసా మెహతా సంఘం. ఫలానా విషయం ఆడపిల్లలది, ఫలానాది మగపిల్లలది అనే విభజనకు శాస్త్రీయ ఆధారం లేదని అది తేల్చింది. 1964–66 కొఠారీ కమిషన్ ఆ వాదనను బలపరిచింది. 1986 జాతీయ విద్యా విధానం ఇంకాస్త ముందుకెళ్లి, వృత్తి, సాంకేతిక కోర్సుల్లో లింగపరమైన మూసను తొలగించాలనీ, సంప్రదాయేతర వృత్తుల్లో స్త్రీల ప్రవేశాన్ని ప్రోత్సహించాలనీ స్పష్టంగా రాసుకుంది. విధానపత్రంలో ఇంత స్పష్టత ఉన్నా, బడుల్లో అమ్మాయిలకు కుట్లు, అల్లికలు, అబ్బాయిలకు వడ్రంగం అనే పాత ఏర్పాటు చాలాకాలం అలాగే నడిచింది.

అమెరికా అనుభవం

అమెరికాలో 1917 నాటి స్మిత్–హ్యూస్ చట్టం వ్యవసాయానికి, పారిశ్రామిక పనులకు, గృహవిజ్ఞానానికి కేంద్ర నిధులిచ్చింది. ఆచరణలో మొదటి రెండూ అబ్బాయిలవి, మూడోది అమ్మాయిలది అయ్యాయి. 1972 టైటిల్ నైన్ విద్యలో లింగ వివక్షను నిషేధించింది. వృత్తివిద్యా చట్టానికి 1976లో చేసిన సవరణలు ప్రతి రాష్ట్ర వృత్తివిద్యా శాఖలో సమానత్వం చూసే అధికారి ఉండాలన్నాయి. 1984 కార్ల్ పెర్కిన్స్ చట్టం నిధుల్లో 3.5 శాతాన్ని లింగ సమానత్వ కార్యక్రమాలకు, 8.5 శాతాన్ని ఒంటరి తల్లిదండ్రులు, గృహిణుల శిక్షణకు పక్కన పెట్టమంది. 1998 సవరణ ఆ కేటాయింపులను తీసేసి, సంప్రదాయేతర కోర్సుల్లో చేరికలను, పూర్తిచేసినవారిని రాష్ట్రాలు లెక్కించి చూపాలంది. డబ్బు పోయి లెక్క మిగిలింది. ఆ లెక్కే 2006, 2018 చట్టాల్లోనూ కొనసాగింది.

ఉద్యోగం వైపు చూస్తే, ప్రభుత్వ నిధులతో జరిగే నిర్మాణ పనుల్లో స్త్రీలు 6.9 శాతం ఉండాలన్న లక్ష్యాన్ని 1978లో ప్రకటించారు. దశాబ్దాలు గడిచినా నిర్మాణ చేతిపనుల్లో స్త్రీల వాటా ఆ అంకెను చేరలేదు. ఆ లక్ష్యానికి మూలాధారమైన అధ్యక్ష ఉత్తర్వు 2025 జనవరిలో రద్దయింది.

ఐటీఐ, ఇంజనీరింగ్ కళాశాల

భారతదేశంలో చేతిపనుల శిక్షణకు పునాది 1950లో మొదలైన క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీమ్. ఐటీఐలు దాని కిందే నడుస్తాయి. 1961 అప్రెంటిస్‌ల చట్టం కర్మాగారంలో శిక్షణను దానికి జోడించింది. 1970ల్లో స్త్రీలకోసం విడిగా శిక్షణ కార్యక్రమం మొదలై, నోయిడాలో జాతీయ సంస్థ, ఇతర నగరాల్లో ప్రాంతీయ సంస్థలు వచ్చాయి. వీటివల్ల ఇంటికి దూరంగా పంపడానికి వెనుకాడే కుటుంబాల అమ్మాయిలు వేలాదిగా శిక్షణ పొందారు. అయితే అక్కడ మొదట నేర్పినవి స్టెనోగ్రఫీ, డ్రెస్ మేకింగ్, ఎంబ్రాయిడరీ, కేశ చర్మ సంరక్షణ వంటివే. ఎలక్ట్రానిక్స్, డ్రాఫ్ట్స్‌మన్ వంటి ట్రేడులు ఆ తర్వాత చేరాయి. ప్రత్యేక సంస్థ తలుపు తెరిచింది, పాత విభజనను మాత్రం లోపలికి తనతోనే తీసుకెళ్లింది.

ఇవాళ సాధారణ ఐటీఐల్లో స్త్రీలకు సీట్ల కేటాయింపు ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వృత్తివిద్యా కళాశాలల్లో మూడో వంతు సీట్లు వారివి. అయినా ఫిట్టర్, టర్నర్, డీజిల్ మెకానిక్, వెల్డర్ వర్క్‌షాపుల్లో అమ్మాయిలు వేళ్లమీద లెక్కపెట్టేంత మందే. కోపా అని పిలిచే కంప్యూటర్ ట్రేడులో, డ్రెస్ మేకింగ్‌లో వారే ఎక్కువ. కారణాలు వెతకడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు: హాస్టల్ లేకపోవడం, సాయంత్రం బస్సు దొరకకపోవడం, వర్క్‌షాపు దగ్గర మరుగుదొడ్డి లేకపోవడం, వైస్ బిగించిన బల్ల ఎత్తు, మగవారి కొలతల్లోనే దొరికే చేతి తొడుగులు, బూట్లు, మహిళా ఇన్‌స్ట్రక్టర్ ఒక్కరైనా కనిపించకపోవడం. వీటిలో ఏదీ అమ్మాయి ఆసక్తికి సంబంధించినది కాదు. వీటిలో చాలావాటిని సరిచేయడానికి పెద్ద ఖర్చు కూడా కాదు.

భారత మహిళా ఇంజనీర్ల చరిత్రలో తొలి పేరు ఒక తెలుగు మహిళది. అయ్యలసోమయాజుల లలిత (1919–1979) పదిహేనేళ్లకు పెళ్లయి, పద్దెనిమిదేళ్లకు భర్తను పోగొట్టుకున్నారు. అప్పటికి ఆమె చేతిలో నాలుగు నెలల పాప. తండ్రి పప్పు సుబ్బారావు మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో ఎలక్ట్రికల్ ఆచార్యులు. ఆయన అడగగా ప్రిన్సిపాల్ కె.సి. చాకో ఒప్పుకుని 1940లో ఆమెను చేర్చుకున్నారు. వందలమంది అబ్బాయిలున్న కళాశాల హాస్టల్లో ఆమె ఒక్కరే అమ్మాయి. తర్వాత పి.కె. త్రేసియా, లీలమ్మ జార్జ్ సివిల్ బ్రాంచిలో చేరారు. పట్టా తర్వాత లలిత జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేశారు. సిమ్లాలో కొంతకాలం ఉద్యోగం చేసి, కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో విద్యుత్ లైన్లు, సబ్‌స్టేషన్ల రూపకల్పనలో స్థిరపడ్డారు. భాక్రా నంగల్ పనుల్లోనూ ఆమె పాత్ర ఉంది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన తొలి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల సదస్సులో పాల్గొన్నారు. త్రేసియా 1971లో కేరళ ప్రజాపనుల శాఖ చీఫ్ ఇంజనీరయ్యారు. లలిత చదువు వెనుక తండ్రి పలుకుబడి ఉందన్నది నిజం. ఆ పలుకుబడి లేని అమ్మాయికి కూడా అదే తలుపు తెరవడమే విధానాల పని. ఐఐటీలు 2018లో స్త్రీలకోసం అదనపు సీట్లు సృష్టించి వారి వాటాను 14 శాతానికి, 2020 నాటికి 20 శాతానికి చేర్చాలనుకోవడం ఆ దిశలో పడిన అడుగు.

చట్టమే అడ్డైన చోట

కొన్ని వృత్తుల్లో స్త్రీలు లేకపోవడానికి సంప్రదాయం ఒక్కటే కారణం కాదు, శాసనం కూడా. 1948 కర్మాగారాల చట్టం స్త్రీలను ఉదయం ఆరు నుంచి రాత్రి ఏడు గంటల మధ్యనే పనిచేయనిచ్చింది, నడుస్తున్న యంత్రానికి నూనె వేయనివ్వలేదు. 1952 గనుల చట్టం భూగర్భంలోకి వారిని అడుగే పెట్టనివ్వలేదు. రక్షణ కోసం చేసిన ఈ నిబంధనలు ఆచరణలో శిక్షణ గేటునే మూశాయి: ఉద్యోగమే ఇవ్వకూడని పనిని ఎవరు నేర్పుతారు, ఎవరు నేర్చుకుంటారు? 1976 సమాన వేతన చట్టం నియామకంలో వివక్ష వద్దన్నా, వేరే చట్టం నిషేధించిన పనులకు అది వర్తించలేదు.

తలుపులు ఎక్కువగా కోర్టుల్లోనే తెరుచుకున్నాయి. 2000లో మద్రాసు హైకోర్టు కర్మాగారాల చట్టంలోని రాత్రి నిషేధాన్ని కొట్టేసింది. మద్యం వడ్డించే చోట స్త్రీలు పనిచేయరాదన్న పంజాబ్ ఎక్సైజ్ నిబంధనను 2007లో అనుజ్ గార్గ్ కేసులో సుప్రీంకోర్టు చెల్లదంది. సినిమా రంగం కేసు మరీ విచిత్రం. ముంబయిలో మేకప్ కళాకారుల సంఘం దశాబ్దాలపాటు స్త్రీలను హెయిర్ డ్రెస్సర్లుగా తప్ప చేర్చుకోలేదు, మేకప్ మగవారిదే. శిక్షణ పొందిన చారు ఖురానా పోరాడగా 2014 నవంబరులో సుప్రీంకోర్టు ఆ నియమాన్ని రద్దు చేసింది. అలంకరణను ఆడవాళ్ల వ్యవహారంగా చూసే దేశంలోనే, జీతం వచ్చే అలంకరణ మగవారికి దఖలు పడింది.

గనుల విషయంలో 2019 జనవరి ఉత్తర్వు సాంకేతిక, పర్యవేక్షక, నిర్వాహక ఉద్యోగాలకు భూగర్భ ప్రవేశం ఇచ్చింది. ఆ తర్వాత కోల్ ఇండియా భూగర్భ గనిలో పనిచేసిన తొలి మహిళా మైనింగ్ ఇంజనీరుగా ఆకాంక్షా కుమారి 2021లో వార్తల్లోకి వచ్చారు. హిందుస్థాన్ జింక్‌లో భూగర్భ గని మేనేజర్లయిన తొలి మహిళల్లో తెలంగాణకు చెందిన రాసకట్ల సంధ్య ఒకరు. చేతులతో బొగ్గు తవ్వే కార్మికురాలికి మాత్రం ఆ ఉత్తర్వు దారి చూపలేదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అన్ని సంస్థల్లో అన్ని రకాల పనులకూ స్త్రీలు అర్హులేనని, వారి అంగీకారంతో రాత్రి పని కూడా ఇవ్వవచ్చని చెబుతోంది.

పల్లెల్లో జరిగిన ప్రయోగాలు

చదువు రాని స్త్రీలకు యంత్రం నేర్పలేమన్న నమ్మకాన్ని ఉత్తరప్రదేశ్‌లోని బాందా జిల్లా వమ్ము చేసింది. 1989లో మొదలైన మహిళా సమాఖ్య కార్యక్రమం కింద అక్కడి పేద దళిత, ఆదివాసీ స్త్రీలు చేతిపంపు మరమ్మతు నేర్చుకున్నారు. పంపు ఆగితే మైళ్లదూరం నడిచేది వాళ్లే. కనుక అది బాగుండాలన్న పట్టుదలా వాళ్లదే. విడిభాగాల లెక్క రాయాల్సి రావడంతో అక్షరాలు నేర్పమని వాళ్లే అడిగారు. పని చదువును వెతుక్కుంటూ వెళ్లింది. ఝార్ఖండ్‌లో స్వచ్ఛ భారత్ కాలంలో మరుగుదొడ్లు కట్టడానికి మేస్త్రులు చాలక స్వయంసహాయక సంఘాల స్త్రీలకు తాపీ పని నేర్పారు. వాళ్లను అక్కడ రాణి మిస్త్రీలంటారు. ఇల్లు కడుతున్న చోట చూసిన తట్టకూ తాపీకీ మధ్య దూరం కొద్ది వారాల శిక్షణతో దాటగలిగేదేనని వాళ్లు చూపించారు. ఇలాంటి ప్రయోగాలు గెలిచిన చోటల్లా ఒక పోలిక ఉంది: శిక్షణ ముగిసే నాటికి ఎదురుగా పని సిద్ధంగా ఉంది.

పురుషుల వైపు

ఈ చర్చలో తక్కువ మాట్లాడేది పురుషుల గురించి. అమెరికాలో నర్సుల్లో పురుషులు 1970లో 2.7 శాతం, 2011కి 9.6 శాతం. మహిళా విశ్వవిద్యాలయపు నర్సింగ్ కోర్సులో తనకు సీటు నిరాకరించారని ఒక పురుషుడు వేసిన హోగన్ కేసులో, 1982లో అక్కడి సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. మనదేశంలో ఏఎన్ఎం (సహాయక నర్సు, మంత్రసాని) శిక్షణ స్త్రీలకే పరిమితం. ఎయిమ్స్ సంస్థల నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల్లో 80 శాతం స్త్రీలకు, 20 శాతం పురుషులకు అని 2019లో నిర్ణయించారు. ప్రసవ వార్డు అవసరాలు నిజమైనవే, కాని ఆసుపత్రి అంతా ప్రసవ వార్డు కాదు. సామాజిక శాస్త్రవేత్త క్రిస్టీన్ విలియమ్స్ 1992లో మరో సంగతి గమనించారు: స్త్రీలు ఎక్కువగా ఉన్న వృత్తుల్లో చేరిన పురుషులు త్వరగా పై పదవులకు చేరుతున్నారు. పురుషుల వృత్తుల్లో చేరిన స్త్రీలకు అలాంటి తోపు దొరకదు. సమానత్వం రెండు వైపులా ఒకే రకమైన సమస్య కాదనడానికి ఇదే రుజువు.

స్టీరింగు

భారతదేశంలో విమాన పైలట్లలో స్త్రీలు సుమారు 15 శాతమని కేంద్ర ప్రభుత్వం చెబుతోంది. ప్రపంచ సగటు 5 శాతం చుట్టూ ఉంటుంది. రోడ్డు మీదికి వస్తే బస్సు తోలే స్త్రీ వార్త అవుతుంది. పైలట్ శిక్షణకు లక్షలు పెట్టగల ఇంట్లో కూతురి చేతికి నియంత్రణ ఇవ్వడానికి అభ్యంతరం తగ్గింది. బస్సు డ్రైవరు ఉద్యోగం అవసరమైన ఇంట్లో అమ్మాయికి సైకిలు తర్వాత మరో బండి నేర్పేవారు ఉండరు.

తెలుగు రాష్ట్రాల ఆర్టీసీ బస్సుల్లో మహిళా కండక్టర్లు చాలా కాలంగా మామూలే. తెల్లవారుజాము మొదటి సర్వీసుకూ, రాత్రి ఆఖరి ట్రిప్పుకూ వాళ్లు డ్యూటీ చేస్తారు. అదే బస్సు, అవే వేళలు, అదే డిపో. ముందు సీటు మాత్రం దాదాపు ఎప్పుడూ మగవారిదే. కాబట్టి రాత్రి వేళలు, భద్రత అనే కారణాలు ఇక్కడ నిలవవు. అర్హతల జాబితా చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. రవాణా వాహనం నేర్చుకునే లైసెన్సు కావాలంటే ముందు తేలికపాటి వాహన లైసెన్సు ఏడాది పాటు ఉండాలి. ఆ పైన హెవీ లైసెన్సు, దాని మీద అనుభవం. లారీ క్లీనరుగా మొదలై నేర్చుకునే దారి అబ్బాయిలకు ఉంది, అమ్మాయిలకు లేదు. ఎత్తు నిబంధన కూడా మగవారి సగటు చూసి పెట్టినదే. ఢిల్లీ ప్రభుత్వం 2022లో స్త్రీలకు కనీస ఎత్తును 159 సెంటీమీటర్ల నుంచి 153కి తగ్గించి, అనుభవం నిబంధనను మూడేళ్ల నుంచి నెలకు కుదించాక అక్కడ మహిళా డ్రైవర్ల నియామకం ఊపందుకుంది. 2008 నుంచి ఢిల్లీలో ఆజాద్ ఫౌండేషన్ స్త్రీలకు డ్రైవింగు నేర్పుతోంది. పట్టణం దారులు, మరమ్మతు, చట్టపరమైన హక్కులు, ఆత్మరక్షణ కూడా ఆ శిక్షణలో భాగమే.

రైల్వేలో దారి కొంచెం ముందు తెరుచుకుంది. మహారాష్ట్ర పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసిన సురేఖా యాదవ్ 1989లో సహాయ డ్రైవరుగా చేరి, ఆసియాలో తొలి మహిళా రైలు డ్రైవరుగా పేరు పొందారు. 2023లో వందే భారత్ నడిపారు. పోటీ పరీక్ష, డిప్లొమా, సంస్థే ఇచ్చే శిక్షణ అనే వరుస ఉండటంతో అక్కడ బయట అనుభవం అడగలేదు. ఆర్టీసీలు హెవీ డ్రైవింగు శిక్షణను తమ డిపోల్లోనే ఇచ్చి ఆ తర్వాత నియమించుకుంటే ఇదే వరుస బస్సుకూ వస్తుంది.

నల్గొండ ప్రాంతపు తండాలో పుట్టిన సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థ తొలి మహిళా బస్సు డ్రైవరయ్యారు. సొంత రాష్ట్రపు ఆర్టీసీలో ఆమె స్టీరింగు పట్టింది 2025లో, అక్కడి తొలి మహిళా డ్రైవరుగా.